ఆడది ఎక్కని పడవ

పెళ్ళాం పోయినప్పట్నుంచీ కామాక్షయ్యకు మెత్తని మాట రాదు.

"మిలిటరీ నర్సువవుతావా? ఆర్మీలో మంచుకే ముడుచుకుపోతావు. ఎయిర్‌ఫోర్సంటే, సూళ్లూరుపేట బస్సులోనే వాంతులాయె నీకు," అన్నాడు ఒడ్డున పడవ పక్కన కూచుని వల కుడుతూ.

"నేవీ, నాయనా," అంది కూతురు రోజారమణి.

"ఆడది పడవెక్కితే చేప పడదు. నీకోసం ఓడలు ముంచుకుంటారా వాళ్ళు?"

"అమ్మ రెండో కాన్పుకు అవతలి ఒడ్డు ఆస్పత్రి నర్సమ్మను పిలవను పోయి ఇదే మాట చెప్పినావంట. పడవెక్కించుకోకుండా, చుట్టూ తిరిగి రోడ్డు మీద రమ్మన్నావంట. ఆమె వచ్చేసరికి అమ్మ లేదు. ఆ రోజు చేపలు బాగా పడినాయా?"

వల సూది ఆగిపోయింది. కామాక్షయ్య లేచి, పడవలోని వలను ఒడ్డుకు లాగేసినాడు.

"ఎక్కు," అన్నాడు ముఖం తిప్పుకొని. "అలకు నిలబడతావేమో చూద్దాం. వాంతయితే మాత్రం ఆర్మీనే."