పిడుగు చెప్పిన క్షమాపణ

"ఇవాళైనా వాడితో మాట్లాడతావా, లేదా?"

పెద్దకొడుకు బూట్లు వేసుకుంటుంటే తల్లి మంచం మీంచే అడిగింది.

ఆమెకు చూపు పోయి మూడేళ్లయింది. గుండె ఆపరేషనై రెండేళ్లు. ఇప్పుడు కాలక్షేపమంతా టీవీయే. అందులోనూ రెండే బొమ్మల సీరియళ్లు. శనివారం పొద్దున 'పిడుగు'. పదంతస్తుల ఎత్తున్న ఎర్ర రోబో. దానికి గొంతు ఇచ్చేది పెద్దకొడుకు. ఆదివారం పొద్దున 'కెరటం'. అది సముద్రంలోంచి లేచొచ్చే నీలం రోబో. కెరటం గొంతు వినబడితే చాలు, "మా చిన్నోడు" అంటూ ఆమె టీవీ వైపు చెయ్యి చాపుతుంది.

ఈసారి చానల్ వాళ్లు రెండు రోబోలనూ కలిపి గంటన్నర స్పెషల్ వేస్తున్నారు. ఆ కబురు విన్నప్పటినుంచి ఆమెకు కాలు ఒకచోట నిలవడం లేదు.

"మాట్లాడతానమ్మా."

"పోయిన నెలా ఇదే అన్నావు. వాడు ఈ గడప తొక్కి ఏడాది దాటింది. ఫోన్ లేదు, పాడు లేదు. అంతగా ఏమన్నావురా వాణ్ణి?"

"చెప్పానుగా. కోపంలో నోరు జారాను."

"నీ నోరే అంత. చిన్నప్పుడూ వాణ్ణి ఏడిపించేసి వచ్చి నా వెనక నక్కేవాడివి. అన్నవి కదా, నువ్వే తగ్గితే ఏం పోయింది?"

వంటగది గుమ్మంలో నిలబడ్డ భార్య ఏదో అనబోయింది. అతను వద్దన్నట్టు తల ఊపాడు. ఆమె చేతిలో గిన్నెతో లోపలికి వెళ్లిపోయింది.

"నా మీద కూడానా వాడికి కోపం?" తల్లి గొంతు తగ్గింది.

"నీ మీదెందుకమ్మా? నా మీదే. అంతా నా మీదే."

"అయితే కాళ్లు పట్టుకునైనా లాక్కురా. పోయిన ఆదివారం వాడి గొంతు కాస్త బొంగురుపోయింది. మందేసుకున్నాడో లేదో కనుక్కో."

"అలాగే."

స్టూడియోలో చిన్న గది. నాలుగు గోడలకూ స్పాంజి. చప్పుడని ఏసీ ఆపేస్తారు. అద్దం అవతల సౌండ్ ఇంజనీరు. అన్నదమ్ములతో పదేళ్లుగా పనిచేస్తున్న మనిషి. ఇద్దర్నీ పెద్దన్నా, చిన్నన్నా అనే పిలుస్తాడు.

"మూతి లేనోళ్లకు గొంతు అరువిస్తున్నాం పెద్దన్నా. మనల్ని మించిన దాతలు లేరు," అన్నాడు హెడ్‌ఫోన్స్ సర్దుకుంటూ.

అతను కొంచెం నవ్వాడు.

నిజంగానే రోబోలకు మూతి ఉండదు. మాట్లాడుతున్నంతసేపు గుండె మీద దీపం వెలుగుతుంది. దీపం వెలగ్గానే మాట మొదలుపెట్టాలి. ఆరేలోపు ముగించాలి. డబ్బింగులో ఎవరి లైన్లు వాళ్లు విడిగా చెప్పేస్తారు. ఎదుటివాడు మాట్లాడే చోట ఖాళీ వదిలేస్తారు. అది తర్వాత నిండుతుంది.

కథ పెద్దదేం కాదు. పిడుగు, కెరటం ఒకరినొకరు శత్రువనుకుంటారు. సగం నగరాన్ని నేలమట్టం చేస్తారు. పిడుగు కెరటం చెయ్యి విరిచేస్తాడు. కెరటం సముద్రంలోకి వెళ్లిపోయాక, అతను శత్రువు కాదని పిడుగుకు తెలుస్తుంది.

కొట్లాట సీన్లు గంటలో అయిపోయాయి. అరుపులన్నీ మొదటి టేకుకే ఓకే.

తర్వాతి సీన్లో పిడుగు విరిగిన వంతెన మీద మోకాళ్ల మీద కూర్చుని సముద్రాన్ని పిలవాలి.

"తమ్ముడూ, తప్పు నాదే. నువ్వు తిరిగి..."

దీపం ఆరిపోయింది. మాట మిగిలిపోయింది.

"స్క్రిప్టులో 'మిత్రమా' అనుంది పెద్దన్నా."

"సారీ. ఇంకోసారి."

రెండోసారీ తమ్ముడూ అనే వచ్చింది. మూడోసారీ అంతే. నాలుగోసారి దీపం వెలగకముందే మొదలుపెట్టేశాడు.

"కాసేపు ఆగుదామా?"

"వద్దు. ఇవాళే అయిపోవాలి."

అంతలో ఫోన్ మోగింది. తల్లి.

"వచ్చాడా వాడు?"

"ఇంకా లేదమ్మా. వాడి లైన్లు నా తర్వాత."

"నీ పని కాగానే సంచి తగిలించుకుని వచ్చెయ్యకు. వాడు చెప్పడం అయ్యేదాకా అక్కడే ఉండు."

"ఉంటాను."

"ముందు నువ్వే పలకరించు. వాడు మొహం తిప్పుకున్నా సరే, నువ్వే పలకరించు. వింటున్నావా?"

"వింటున్నానమ్మా."

ఫోన్ పెట్టేసి మళ్లీ మైకు ముందుకొచ్చాడు. తెరమీద వంతెన, సముద్రం. ఎర్రదీపం వెలిగింది.

"తమ్ముడూ, తప్పు నాదే. నువ్వు తిరిగి రావాలి."

దీపం, మాట ఒకేసారి ఆగాయి.

ఇంజనీరు ఆ ముక్కను ఇంకోసారి వేసుకుని విన్నాడు. తర్వాత మైకు నొక్కి, "తమ్ముడూ అనే ఉంచేద్దామా?" అన్నాడు.

"ఉంచు. అమ్మ వింటుంది."

పిడుగు లైన్లు అయిపోయాయి. అతను సంచి తగిలించుకోలేదు. కుర్చీలో కూర్చున్నాడు. తలుపు వైపు ఒకసారి చూశాడు. అద్దం అవతల ఇంజనీరు కొత్త ట్రాక్ తెరిచి, మొహం ఎత్తకుండానే అడిగాడు.

"చిన్నన్న లైన్లు మొదలుపెడదామా?"

అతను లేచి మైకుకు దగ్గరగా జరిగాడు, తెరమీద సముద్రం చీల్చుకుని కెరటం పైకి లేచి గుండె మీద నీలం దీపం వెలగ్గానే, పద్నాలుగు నెలల కిందట తన చేతుల్లోనే ప్రాణం వదిలిన తమ్ముడి గొంతు తెచ్చుకుని, "వచ్చేశానన్నయ్యా" అన్నాడు.