పోపు గొంతు

"పోపు మాడుస్తున్నావు. నా కర్మ, ఇన్నేళ్లు చెప్పినా అంతే!"

పానకాలరావు పోయి ఏడాది దాటినా వంటింట్లో ఆయన గొంతు ఆగలేదు. ఊళ్లో అందరిలాగే కొడుకు హరగోపాల్ కూడా తండ్రి మనసునీ గొంతునీ సర్వర్లో పెట్టించాడు. పొయ్యి పైన గోడకున్న కెమెరాలోంచి చూస్తూ ఆయన భార్య వర్ధనమ్మను సాధిస్తూనే ఉంటాడు. ఆయన మాటలకు రోజుకింత బ్యాండ్‌విడ్త్ అని లిమిటుంది. అదైపోతే మర్నాటిదాకా నోరు పడిపోతుంది.

ఒకరోజు వర్ధనమ్మకు ఉపాయం తట్టింది. మొగుడి నంబరు తీసుకెళ్లి బంధువుల గ్రూపులో పెట్టింది.

"పొద్దున్నే ఆయన్నోసారి పలకరించండర్రా, సంతోషిస్తారు."

ఇక చూడాలి! గులాబీపూల గుడ్ మార్నింగులు, దేవుళ్ల వీడియోలు వరదలా వచ్చిపడ్డాయి. పానకాలరావు బయటివాళ్ల దగ్గర మహా మర్యాదస్తుడు. పేరుపేరునా కులాసా అడిగి జవాబిచ్చేవాడు. వర్ధనమ్మ పొయ్యి వెలిగించేసరికి "పోపు మా..." అని ఆగిపోయేవాడు. ఆమె కావాలనే పోపు మాడ్చుకుని, హాయిగా తినేది.

ఆమె పుట్టినరోజున హరగోపాల్ కళ్లు తుడుచుకుంటూ వంటింట్లోకి వచ్చాడు.

"నాన్న మాట మధ్యలో ఆగిపోతుంటే నీ ప్రాణం ఎంత కొట్టుకుంటుందో నాకు తెలీదామ్మా? అన్‌లిమిటెడ్ చేయించా."

వర్ధనమ్మ చేతిలో గరిటె జారిపడింది.

"రేపు నువ్వు పోయినా బెంగలేదు. నీక్కూడా నాన్న అకౌంట్లోనే చోటు తీసుకున్నా."

"రానీరా," అన్నాడు పానకాలరావు గోడమీంచి. "పోపు వెయ్యడం ఇక్కడ తీరిగ్గా నేర్పుతాను."