మచ్చల పన్ను

“ఇది పాత పన్నేగా! నేను కొత్తది గదా అడిగింది!” కరుణమ్మ చేతిలోని అద్దాన్ని కుర్చీ పక్కన ఠప్పున పెట్టింది.

“కొత్తదేనమ్మా. ల్యాబులో పింగాణీ కరిగించి అచ్చులో ఒత్తి చేసినారు,” అంది మార్కాపురం పళ్ల డాక్టరు ప్రశాంతి, మాస్కు తీయకుండానే. “పక్క పళ్లతో కలిసిపోవాలని నేనే మచ్చలు వేయించినా. ఇంకా అతికించలేదు, ఊరికే పెట్టి చూస్తన్నాం.”

“వేయించినావా?” కరుణమ్మ అద్దం మళ్లీ అందుకుంది. “మా ఊరి ఫ్లోరైడు నీళ్లకు నోరంతా గార పట్టె. మందిరంలో పాట పాడేటప్పుడు గూడా కొంగు అడ్డం పెట్టుకుంటా. ఆ నీళ్లు తాకని పన్ను ఇదొక్కటే. దీనికి నువ్వే మచ్చలు పూస్తివా? ఏదీ, నీ పళ్లు చూపించు!”

డాక్టరు మాస్కు కిందికి లాగింది. పళ్లన్నీ తెల్లగా మెరిశాయి.

“ఏ ఊరు మీది?” అంది కరుణమ్మ.

“చంద్రశేఖరపురం పక్కన.”

“ఆడా ఫ్లోరైడు నీళ్లే గదా! ఆ నీళ్లకు అంత తెలుపా?”

“నావి గూడా గారపళ్లేనమ్మా. పైన పింగాణీ తొడుగులు వేయించుకున్నా.”

కరుణమ్మకు ఒళ్లు మండింది. “నీకైతే తెలుపు, నాకైతే మచ్చలా? కూలికి పోయేదానికి తెల్లపన్ను ఎందుకులే అనుకుంటివా?”

“అట్ల కాదమ్మా. పెట్టుడు పన్నని ఎవరూ గుర్తుపట్టకూడదని...”

“గుర్తుపట్టాలనే గదా తల్లీ నేనొచ్చింది!”

డాక్టరు ఆ పన్నును మెల్లగా తీసేసి, ల్యాబుకు ఫోను చేసి స్పీకరు పెట్టింది. “కరుణమ్మగారికి ఇంకోటి ఒత్తండి. మచ్చలొద్దు.”

“ఎంత తెలుపు మేడం?”

డాక్టరు ఫోనును కరుణమ్మ వైపు తిప్పింది.

“మీ డాక్టరమ్మ పళ్లంత!” అని ఫోనులోకి గట్టిగా అరిచింది కరుణమ్మ.