చీలిక ఎంత దూరంలో ఉంది

"నేల అంత సులభంగా చీలిపోతాదా సార్?" అని ప్రసన్నకుమారి మళ్లీ అడిగింది.

తిరుపతి యూనివర్సిటీలో భూగర్భశాస్త్రం చెప్పే ధనంజయకు ఇంత శ్రద్ధగా అడిగేవాళ్లు దొరకడమే అరుదు. ఆమె పుత్తూరు నుంచి పొద్దున్నే బస్సెక్కి వచ్చింది. భర్త గిరిప్రసాద్ రెండేళ్లుగా ఇథియోపియాలో, జిమ్మా అనే ఊళ్లో లెక్చరర్. ఆ దేశంలో 2005 సెప్టెంబరులో నేల చీలిందన్న పేపరు ముక్క ఆమె చేతిలో నలిగిపోయి ఉంది. ఆ మొహం చూస్తే ఆయనకు జాలేసింది.

"ఊరికే లాగితే చీలదమ్మా. ఎండిన మొద్దును చేతుల్తో చీల్చగలమా? సందులో చీల దిగ్గొట్టాల. ఆడ అగ్నిపర్వతం కింద కరిగిన రాయి ఆ చీల మాదిరి దూరింది. కొన్ని రోజుల్లోనే అరవై కిలోమీటర్లు! ఇట్లా చీలి చీలి, లక్షల ఏండ్లకు మధ్యలోకి సముద్రం వస్తాది. ఖండం రెండైపోతాది."

"లోపల ఆ నిప్పు లేకుంటే?"

"అంత సులభంగా విడిపోదు."

ఆమె తల దించుకుంది. అనవసరంగా భయపెట్టానేమోనని ధనంజయ నొచ్చుకున్నాడు. గబగబా గోడ మీది మ్యాపు దగ్గరికి వెళ్లి స్కేలు పెట్టాడు.

"ఇట్ల సూడమ్మా. చీలింది ఈడ, ఎడారిలో. జిమ్మా ఆడుండాది. నడుమ ఆరొందల కిలోమీటర్లపైనే. మనకు హైదరాబాదు కన్నా దూరం."

"అదురు గూడా తగల్లేదా?"

"గ్లాసులో టీ గూడా తొణికుండదు."

"చిన్నపిల్లలు ఉండొచ్చునా సార్, ఆడ?"

"నిక్షేపంగా! నా స్నేహితుడు మునిరామయ్య పెళ్లాం బిడ్డల్తో ఆ ఊళ్లోనే ఉండాడు. మొన్ననే ఫోన్ చేసినాడు. పిల్లోళ్లు రోజూ బడికి పోతాండారంట."

"నిజమేనా సార్?"

"ఒట్టు."

ముప్పై ఏళ్లుగా రాళ్ల సంగతులు చెబుతున్నా, ఒక మనిషి గుండె మీది బండ దించింది ఈరోజే కదా అని ఆయన లోలోపల పొంగిపోయాడు.

"ఇంక దిగులు మాను తల్లీ. ఇంటికి పోయి నిమ్మళంగా నిద్రపో. మీ ఆయనకు ఏమీ కాదు."

ఆమె కళ్ల నుంచి బొటబొటా నీళ్లు రాలాయి. సంతోషం పట్టలేక కాబోలనుకుని ధనంజయ మంచినీళ్ల గ్లాసు అందించాడు. ఆమె అందుకోలేదు.

"ఊరు చీలిపోతాంది, నువ్వూ పాపా రావద్దని రాసినాడు సార్ మా ఆయన."