చెవులు కుట్టిన రోజు

"చెవులు కుట్టొద్దు తల్లీ."

గడప బయట నిలబడిన నడివయసు ఆడమనిషి మాటకు అందరూ తల తిప్పారు.

తొంభై ఆరో సంవత్సరం. ధర్మవరంలో గోవిందమ్మ ఇంట్లో ఆ రోజే మనవడికి పేరు పెట్టారు. మగ్గం ఆపి, దాని పక్కన చాప పరిచారు.

చెవులు కుట్టేటప్పుడు బిడ్డ మేనమామ ఒళ్ళో ఉండాలి. గోవిందమ్మ కూతురు సుచిత్రకు అన్నదమ్ములు లేరు. వరసకు మేనమామ అయ్యే పక్కింటి హనుమంతు బిడ్డను ఒళ్ళో పెట్టుకున్నాడు.

"యాడ నుంచి వచ్చినావమ్మా?" అడిగింది సుచిత్ర.

"తాడిమర్రి నుంచి. నా కొడుకులిద్దరూ చంటిబిడ్డలప్పుడే పోయినారు తల్లీ. ఒగనికి ఇట్లే చెవులు కుట్టిస్తిమి. నెత్తురు నిలబడలా. పెద్దాసుపత్రిలో చూపించి అప్పుడు కుట్టించు."

"మీసాలొచ్చినాక కుట్టమంటావా ఏమి?" అన్నాడు బంగారు తీగ పట్టుకున్న ఆచారి.

అందరూ నవ్వారు.

గోవిందమ్మ నవ్వలేదు. విసురుగా గడప దగ్గరికి పోయింది.

"నీ కొడుకులు పోతే మా పిల్లోనికేమి? మంచి పొద్దు చూసుకొని చావు మాటలు చెప్పను వచ్చినావా? నడువు!"

"ఒక్కసారి ఎత్తుకొని పోతానమ్మా."

"నీ చెయ్యి పడకూడదు. పో!"

"అన్నమన్నా పెట్టి పంపమ్మా," అంది సుచిత్ర.

అప్పటికే ఆమె వీధి మలుపు తిరిగింది.

ఆచారి కుట్టిన చెవుల నుంచి సాయంత్రం దాకా నెత్తురు కారింది. పసుపు అద్దారు. సున్నం పెట్టారు. మరునాడు కూడా గుడ్డలు తడుస్తూనే ఉన్నాయి. అల్లుడు సాయిప్రసాద్ జీపు మాట్లాడి అందరినీ హిందూపురం ఆసుపత్రికి తీసుకుపోయాడు.

డాక్టరమ్మ గోవిందమ్మను అడిగింది.

"మీ కడుపున గానీ, మీ పుట్టింట్లో గానీ ఇట్లా నెత్తురు పోయి చనిపోయిన మగపిల్లలు ఉన్నారా?"

"ఎవరూ లేరు డాక్టరమ్మా. మాది మంచి నెత్తురు."

ఆలోచించకుండా చెప్పింది.

ఆ మాట నమ్మి డాక్టరమ్మ చెవులకే వైద్యం చేసింది. అది సరిపోలేదు. బెంగళూరుకు బయలుదేరేలోపు బిడ్డ పోయాడు.

డాక్టరమ్మ సుచిత్రను పక్కన కూర్చోబెట్టుకుంది.

"ఇది తల్లి వైపు నుంచి మగబిడ్డలకు వచ్చే జబ్బులా ఉంది. మొదటే తెలిసి ఉంటే వచ్చిన గంటకే బెంగళూరుకు పంపేదాన్ని. రేపు నీకు ఇంకో కొడుకు పుడితే? మీ అమ్మ దాచకుండా చెప్పాలి."

అందరూ గోవిందమ్మ వైపు చూశారు.

ఆమె కూతురి ముఖం చూడలేదు. నేల చూస్తూ అంది.

"సుచిత్రను నేను కనలేదు డాక్టరమ్మా. పొత్తిళ్ళలో తెచ్చుకుంటిమి. మా అన్నం తిని పెరిగింది కదా, మా నెత్తురే అయింటాదనుకుంటి. కన్నతల్లి ఆ పొద్దు గడప దాకా వస్తే, నేనే తరిమేస్తిని."