కిటికీ వంక చూసే ముసలాయన

"సార్, మీ పక్కింటాయన మీ వెనక తలుపు బద్దలుకొట్టి ఇంట్లోకి వెళ్ళాడు."

ఫోన్లో పోలీసు ఆ మాట అనగానే వీర్రాజుకి ఒళ్ళు మండింది. స్నేహితుడి గృహప్రవేశానికని విమానమెక్కి బర్నబీ ఊరు వచ్చి రెండ్రోజులైనా కాలేదు. కాల్గరీ ఇంట్లో భార్య శాంత ఒక్కతే ఉంది.

"అనుకుంటూనే ఉన్నా! ఆ ముసలాడి చూపే మంచిది కాదు!"

మరి కాదా? ఎవాల్డ్ అనే ఆ జర్మన్ ముసలాయన రోజూ పొద్దున్నే, ఎముకలు కొరికే చలిలో, రోడ్డు పక్కన నిలబడి వీళ్ళ వంటింటి కిటికీ వంకే చూస్తాడు. పలకరింపూ లేదు, నవ్వూ లేదు. చూసి, తలాడించి పోతాడు. "పాడు దిష్టి!" అని శాంత గుమ్మానికి నిమ్మకాయా మిరపకాయలూ కట్టింది. అవి చలికి రాళ్ళలా బిగుసుకుపోయాయి గానీ, ఆయన చూడ్డం మాత్రం మానలేదు.

"పూర్తిగా వినండి సార్," అన్నాడు పోలీసు. "మీ ఆవిడ షుగర్ డౌన్ అయి వంటింట్లో స్పృహ తప్పారు. ఆయనే వెళ్ళి చూసి అంబులెన్స్ పిలిచాడు. ఇప్పుడు బాగానే ఉన్నారు."

వీర్రాజు అప్పటికప్పుడే సూట్‌కేసు సర్దేశాడు.

దొరికిన ఫ్లైట్ ఎక్కి ఆసుపత్రిలో వాలేసరికి, శాంత మంచం మీద కూర్చుని సణుగుతోంది.

"ఏవండీ, ఇదేం జావండీ? ఉప్పూ లేదు, కారమూ లేదు!"

ఆ సణుగుడు వింటే వీర్రాజుకి పోయిన ప్రాణం లేచొచ్చింది. "తిట్టవే, ఇంకా తిట్టు," అని నవ్వుతూనే కళ్ళు తుడుచుకున్నాడు.

"ఇంకాస్త ఆలస్యమైతే దక్కేదాన్ని కాదట. ఆయన్ని ఎన్నేసి మాటలన్నామండీ! ముందు వెళ్ళి ఓ దండం పెట్టి రండి."

తెల్లారాక టాక్సీలో ఇంటికెళ్ళి, స్నానం చేసి, బర్నబీ నుంచి తెచ్చిన లడ్డూల డబ్బా పట్టుకుని పక్కింటి తలుపు తట్టాడు. ఆయన కూతురు తీసింది.

"మీ నాన్నగారు మా ఆవిణ్ణి బతికించారమ్మా. అసలు మా ఇంట్లో ఏదో జరిగిందని ఆయనకెలా తెలిసింది?"

"మీ కిటికీ తెర తియ్యలేదు కదా!" అందామె, అదేం ప్రశ్న అన్నట్టు. "నాన్న పుట్టింది జర్మనీలో గుప్పెడు ఇళ్ళున్న పల్లె. డాక్టరుండే ఊరు ఎక్కడో దూరాన. అక్కడ ప్రతి ఇంటికీ కుడిపక్క ఇంటివాళ్ళని తొలి పొరుగు అంటారు. పొద్దున్నే పక్కింటి తెర తీశారా లేదా చూసుకోవడం వాళ్ళ పూచీ. తియ్యకపోతే తలుపు తట్టాలి. పలక్కపోతే బద్దలుకొట్టాలి. ఈ దేశం వచ్చినా నాన్న మానలేదు."

"మాతో ఒక్క మాటైనా అనలేదే!"

"చెప్పి చేస్తే అది పొరుగేంటి అంటారు నాన్న."

వీర్రాజుకి సిగ్గుతో తల వాలిపోయింది. "ఒక్కసారి పిలవమ్మా."

"లేరండీ. ఇందాకే అన్నయ్య వచ్చి వృద్ధాశ్రమానికి తీసుకెళ్ళాడు."

వీర్రాజు లోపలికి తొంగిచూశాడు. ఇల్లంతా ఖాళీ. కిటికీ దగ్గర ఒక్క కుర్చీ.

"మొన్ననే వెళ్ళాల్సింది, సామానంతా పంపేశాం," అందామె. "మీరు సూట్‌కేసుతో కారెక్కడం చూసి, పక్కింటాయన తిరిగొచ్చేదాకా నేను కదలనని ఆ కుర్చీలో కూర్చున్నారు, పొద్దున మీ టాక్సీ వచ్చి ఆగాకే లేచారు."