పందుల దొడ్డిలో కోట

"దొంగ కొడకా! మూలరాయి జాగ్రత్త. మీ నాన్న సొమ్ము కాదది!"

తొంభై ఒక్క ఏళ్ల మౌ తింగ్‌యావ్ కర్ర ఆడిస్తూ అరిచాడు. రాన్ కైజూ పళ్లు నూరుకుంటూ తన పందుల దొడ్డి గోడను తానే పడగొడుతున్నాడు. ఊరంతా చేరి చోద్యం చూస్తోంది.

కొండ మీద డేగముక్కు కోట గోడను మళ్లీ నిలబెడుతున్నారు. పురావస్తు శాఖ నుంచి వచ్చిన ఫూ యాన్‌కి పాత రాళ్లే కావాలి. అవి ఎక్కడెక్కడ ఉన్నాయో చెప్పగలిగింది మౌ ఒక్కడే. అతని ఈడువాళ్లు ఒక్కరూ మిగల్లేదు. ఉన్నన్నాళ్లూ వాళ్లు గోడ కూలిన ఆ ఏడాది సంగతి పిల్లల ముందు ఎత్తేవారే కాదు.

"వెనకటికి దండెత్తొచ్చిన మంగోలులు ఇరవై ఏళ్లు తలలు బాదుకున్నా ఒక్క రాయి కదల్లేదు" అన్నాడు మౌ. "వీళ్ల నాన్నలు ఒక్క చలికాలంలో ఊడ్చిపారేశారు. దేనికట? పందులకి మేడలు కట్టడానికి!"

ఇల్లిల్లూ తిరిగాడు. ఎవరినీ వదల్లేదు.

"నీ పొయ్యి కింద రెండు. నీ గుమ్మం మెట్టు ఒకటి, బోర్లా వేశారు, తిప్పి చూడు."

తిప్పితే పాత ఉలి గుర్తులు. ఫూ యాన్ నోరు తెరిచేది.

"మూసుకో అమ్మాయ్, ఈగలు దూరతాయి. అంత చదువూ చదివి కోట రాయికీ కుడితి తొట్టికీ తేడా తెలీదు నీకు!"

ఆకురాలు కాలానికి గోడ లేచింది. ద్వారం పక్కన చరిత్ర చెప్పే ఫలకం పెట్టాలి. చెక్కించే ముందు ఫూ యాన్ అందరికీ చదివి వినిపించింది.

"1958లో రాన్ వెన్‌గ్వాంగ్, మరికొందరు గ్రామస్థులు ఈ గోడ రాళ్లు దొంగిలించారు..."

కైజూ జనంలోంచి ముందుకొచ్చాడు.

"మా నాన్న దొంగ కాదు. ఆ చలికాలమే ఆయన కాలు విరిగింది. మంచం దిగనివాడు రాళ్లెలా మోస్తాడు?"

"మోస్తూనే విరగ్గొట్టుకుని ఉంటాడు!" అన్నారెవరో.

అంతా పగలబడి నవ్వారు. కైజూ తల దించుకున్నాడు. అరవై దాటిన మనిషి, చిన్నపిల్లాడిలా ముక్కు తుడుచుకున్నాడు.

మౌ నవ్వలేదు.

"ఆ పేరు కొట్టెయ్ అమ్మాయ్."

"అదేంటి తాతా? ఎక్కువ రాళ్లు దొరికింది వాళ్ల దొడ్లోనే. చూపించింది మీరే. ఏ ఇంట్లో ఏ రాయుందో మీకు తెలీకపోతే ఎవరికి తెలుస్తుంది?"

"తెలీకేం" అన్నాడు మౌ, "గోడకి అడ్డంగా పడుకున్న వెన్‌గ్వాంగ్ కాలు విరగ్గొట్టించి, ఊరంతా వద్దు మొర్రో అంటున్నా ఆ రాళ్లు ఇంటింటికీ పంచిన అప్పటి ఊరి పనిదళం నాయకుణ్ణి నేనే."